క్యాన్సర్ తగ్గాక పిల్లల కోసం ట్రై చేసినవాళ్లు మన శ్రీకాకుళం, విజయనగరం వైపు ఎవరైనా ఉన్నారా?

వంశధార_ఒడ్డు (నరసన్నపేట)

అందరికీ నమస్కారం. ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను గానీ రాయడం ఇదే మొదలు. నాకు 31 ఏళ్లు. పెళ్లయిన రెండో ఏడు ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. ఆపరేషన్, కీమో, రేడియేషన్ అన్నీ విశాఖలో అయ్యాయి. హార్మోన్ పాజిటివ్ రకం, అంటే ఒంట్లోని హార్మోన్‌తో పెరిగేది అని టామాక్సిఫెన్ మాత్ర రాశారు. ఏడాదిన్నరగా వేసుకుంటున్నాను, మొత్తం ఐదేళ్లు వేసుకోవాలట. కీమోలో ఆగిపోయిన పీరియడ్స్ మళ్లీ మొదలయ్యాయి, ఒక నెల వస్తే ఒక నెల రావు.

ఇంట్లో నన్ను ఎవరూ ఒక్క మాట అనరు. నాకు అదే కష్టంగా ఉంది. తోటికోడలు కడుపుతో ఉంటే నా ముందు ఆ ఊసే ఎత్తరు. నేను రాగానే మాట మార్చేస్తారు. నాకూ పిల్లలు కావాలి. చెకప్‌కి వెళ్లినప్పుడల్లా అడగాలనే అనుకుంటాను. వెనక అంతమంది జనం, డాక్టర్ గారు రిపోర్టు చూసి "బాగుందమ్మా, మందు ఆపకు" అంటారు, నేను బయటికి వచ్చేస్తాను.

ఐదేళ్లూ ఆగితే నాకు 35 వస్తాయి. మధ్యలో మందు ఆపి ప్రయత్నించొచ్చా? ఆపితే జబ్బు తిరగబెడుతుందా? పుట్టే బిడ్డకి కూడా వస్తుందా? ఈ ఆఖరిది మా అత్త ప్రశ్న. నన్ను అడగలేదు, మా ఆయన్ని అడిగారు.

రాజాం_పెద్దాయన

అమ్మా, నీ బాధ అర్థమైంది. కానీ ప్రాణం దక్కింది కదా, ముందు అది చూసుకో. మా ఊళ్లో ఇదే జబ్బుతో ముగ్గురు పోయారు. దేవుడు ఒకటి ఇచ్చినప్పుడు రెండోదాని కోసం పట్టుపట్టకూడదు. మనసు రాయి చేసుకుని ఆరోగ్యం చూసుకోమ్మా.

బొబ్బిలి_వీణ

పెద్దాయన గారూ, మీది మంచి మనసే, కాదనను. కానీ ఆ అమ్మాయి అడిగింది మందు ఆపొచ్చా లేదా అని. మనసు రాయి చేసుకోమని చెప్పడానికి ఇంట్లో, వీధిలో చాలామందే ఉంటారు. ఒక మగాడికి క్యాన్సర్ తగ్గి పిల్లలు కావాలంటే ఈ మాటే అంటామా? "మగపిల్లాడు, వంశం నిలబడాలి" అని వీర్యం దాచడానికి మనమే పరుగెత్తుతాం. ఆడదానికి మాత్రం ప్రాణం మిగలడమే ఎక్కువ.

చెల్లీ, తెలిసినవాళ్లు వస్తారు, ఆగు. మా అప్పది వేరే కథ, తర్వాత రాస్తాను.

కోట_జంక్షన్ (విజయనగరం)

నాది హాడ్జ్‌కిన్ లింఫోమా, లింఫ్ గ్రంథుల క్యాన్సర్. 25 ఏళ్లప్పుడు, ఇంకా పెళ్లి కాలేదు. కీమో మొదలుపెట్టే ముందు ఒక జూనియర్ డాక్టరమ్మ పక్కకి పిలిచి "అండాలు దాచుకుంటావా?" అని అడిగింది. అప్పటిదాకా అలాంటిది ఒకటి ఉందని మాకు తెలీదు. అమ్మ ఒప్పుకోలేదు, నాన్న ఒప్పుకున్నారు. అండాలు తీసి గడ్డకట్టించాకే కీమో ఎక్కించారు.

తర్వాత పెళ్లయింది. అబ్బాయికి, వాళ్లింట్లో అందరికీ ముందే చెప్పాం. ఆ తర్వాతది వింటే నవ్వుతారు, బాబు మామూలుగానే పుట్టాడు. దాచిన అండాలు అలాగే ఉన్నాయి, ఏటా వాటికి అద్దె కడుతున్నాను. డబ్బు దండగ అని మా ఆయన గొణుగుతారు. నాకు మాత్రం అవి ఉన్నాయన్న ధైర్యంతోనే ఆ ఏళ్లు గడిచాయి.

నీ విషయం వేరు, నీది హార్మోన్ రకం. కాన్పుల డాక్టర్ గారు ఈ గ్రూపులో ఉన్నారు, పిలుస్తున్నాను.

కాన్పుల_డాక్టర్ (విజయనగరం)

పిలిచినందుకు థాంక్స్. గైనిక్‌లో ఉన్నాను, క్యాన్సర్ స్పెషలిస్టుని కాదు. ఇక్కడ రాసేది మీ డాక్టర్‌ని ఏం అడగాలో తెలియడానికే, మందు మార్చుకోవడానికి కాదు.

ముందు టామాక్సిఫెన్ సంగతి. అది వేసుకుంటుండగా గర్భం రాకూడదు, పిండానికి హాని. ఆపిన వెంటనే కూడా వద్దు, ఒంట్లోంచి పోవడానికి సుమారు మూడు నెలలు ఆగమంటాం. నెల తప్పుతోంది కదా, గర్భం రాదులే అనుకోకండి, వస్తుంది. అందాకా కాపర్-టీ గానీ కండోమ్ గానీ వాడండి. గర్భనిరోధక మాత్రల్లో హార్మోన్ ఉంటుంది, మీ రకం జబ్బుకి పనికిరావు.

మధ్యలో ఆపొచ్చా అనే ప్రశ్నకి ఇప్పుడు కొంత గట్టి జవాబే ఉంది. పాజిటివ్ అనే పేరుతో ఒక అంతర్జాతీయ అధ్యయనం జరిగింది, ఫలితాలు 2023లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చాయి. అందులో ఉన్నది అచ్చం మీలాంటివాళ్లే. హార్మోన్ పాజిటివ్, 42 ఏళ్లలోపు, మొదటి మూడు స్టేజీల వాళ్లు. 18 నుంచి 30 నెలలు హార్మోన్ మందు వాడాక, పిల్లల కోసం రెండేళ్ల దాకా ఆపారు. మూడేళ్లలో జబ్బు తిరగబెట్టినది సుమారు 8.9 శాతం మందికి. మందు ఆపకుండా వాడిన అలాంటి స్త్రీలతో పోల్చి చూస్తే వాళ్లలో 9.2 శాతం. అంటే తేడా కనిపించలేదు. గర్భం కోసం చూసినవాళ్లలో నూటికి 74 మందికి గర్భం వచ్చింది, దాదాపు 64 మందికి బిడ్డ పుట్టింది.

రెండు మెలికలున్నాయి. ఒకటి, ఈ రకం జబ్బు పదేళ్ల తర్వాత కూడా తిరగబెట్టగలదు, వీళ్లని చూసింది ఇంకా కొన్నేళ్లే. రెండు, వాళ్లలో ఎక్కువమందిది తొలి దశ జబ్బు. మీ గడ్డ ఎంత, చంకలో గ్రంథులకి పాకిందా అన్నది మీ ఆంకాలజిస్టుకే తెలుసు. ఆయన సరే అన్నాకే మా దగ్గరికి రావాలి. కాన్పయ్యాక ఆపిన మందు మళ్లీ మొదలుపెట్టి మిగతా ఏళ్లు పూర్తి చేయాలి. బిడ్డ చేతికొచ్చాక చాలామంది ఇది మరిచిపోతారు, నాకు అదే భయం.

చేయించుకోవాల్సినవి: అండాల నిల్వ చూసే ఏఎంహెచ్ రక్తపరీక్ష, దీనికి పీరియడ్ రోజుతో పనిలేదు. పీరియడ్ వచ్చిన రెండో మూడో రోజు అండాశయాల స్కాన్. ఎర్రగా ఉండే కీమో ఎక్కించి ఉంటే గుండె ఎకో. ఆ మందు గుండె కండరం మీద పని చేస్తుంది, గర్భంలో గుండెకి భారం పెరుగుతుంది. ఎకో సంగతి ఎవరూ గుర్తుచేయరు, మీరే అడగండి.

ఇక అత్తగారి ప్రశ్న. గతంలో తల్లి తీసుకున్న కీమో వల్ల బిడ్డకి లోపాలు పెరగవు, క్యాన్సరూ అంటుకోదు. రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం మాత్రమే వంశపారంపర్యం. మీకు చిన్న వయసులో వచ్చింది కాబట్టి బీఆర్‌సీఏ అనే జన్యుపరీక్ష ఒకసారి చేయించడం మంచిది. ఆ జన్యులోపం ఉంటే బిడ్డకి వచ్చే అవకాశం సగానికి సగం, అలాంటప్పుడు ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించి వేసే పద్ధతి ఉంది. లేకపోతే అత్తగారికి ఈ పోస్టే చూపించండి.

వంశధార_ఒడ్డు

మేడమ్, మీకు ఎలా చెప్పాలో తెలీడం లేదు. ఇన్నాళ్లలో ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. పీరియడ్స్ వస్తున్నాయి అంటే అండాలు ఉన్నట్టేనా? ఒకవేళ ఐవీఎఫ్ అవసరమైతే ఆ హార్మోన్ ఇంజెక్షన్లు నాకు ప్రమాదం కాదా? హార్మోన్ వల్లే వచ్చిన జబ్బు అన్నారు కదా, ఆ పేరు వింటేనే టెన్షన్.

కాన్పుల_డాక్టర్ (విజయనగరం)

పీరియడ్ వస్తే కొన్ని ఉన్నట్టు, బోలెడన్ని ఉన్నట్టు కాదు. పుట్టినప్పుడే ఆడపిల్లకి అండాల నిల్వ అంతా ఉంటుంది, కొత్తగా తయారవ్వవు. సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు ఆ నిల్వని కరిగిస్తాయి. మీకు 31 కాబట్టి కొంత మిగిలే అవకాశం ఎక్కువ, అదే 40లో అయితే పూర్తిగా ఆగిపోయేవారు చాలామంది. ఏఎంహెచ్ తక్కువ వచ్చినా కంగారు పడొద్దు. అది ఎన్ని అండాలు ఉన్నాయో ఉజ్జాయింపుగా చెబుతుంది గానీ, గర్భం వస్తుందో రాదో చెప్పదు.

ఐవీఎఫ్ ఇంజెక్షన్లతో పాటు మీలాంటివారికి లెట్రోజోల్ మాత్ర ఇస్తారు. దాంతో ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ పెరగకుండా అదుపులో ఉంటుంది. అది కూడా రొమ్ము క్యాన్సర్ మందే. సెంటర్‌కి వెళ్లినప్పుడు మొదటి మాటగా "నాకు హార్మోన్ పాజిటివ్" అని చెప్పండి. ఫైలు చూస్తారులే అనుకోవద్దు.

మోడరేటర్

"క్యాన్సర్ పోయినవాళ్లకి మూడు నెలల్లో గ్యారంటీ కడుపు" అని ఒక పొడి అమ్ముతూ వాట్సాప్ నంబరుతో వచ్చిన పోస్టు తీసేశాం, ఆ ఐడీని కూడా తీసేశాం. ఇలాంటివి ఇన్‌బాక్స్‌కి వచ్చినా మాకు పంపండి.

బొబ్బిలి_వీణ

ఆ పొడి మా వీధిలోకీ వచ్చింది. పొట్లం మీద ఏం కలిపారో ఒక్క ముక్క ఉండదు. టామాక్సిఫెన్ వేసుకునేవాళ్లు అలాంటివి మింగితే అసలు మందు పనే చెడొచ్చని మా ఫార్మసీ అబ్బాయి గట్టిగా చెప్పాడు.

జీడితోట (పలాస)

నమస్తే అండి. ఈ చర్చ చదువుతుంటే చేతులు వణుకుతున్నాయి. మా అమ్మాయికి 23. మెడ దగ్గర గడ్డలు, బయాప్సీలో లింఫోమా అని పోయిన వారం తేలింది. మాఘంలో పెళ్లి అనుకున్నాం, అది ఆగింది. వచ్చే వారం కీమో అంటున్నారు. అండాలు దాచే సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అడిగితే ట్రీట్‌మెంట్ లేటవుతుందా? పెళ్లికాని పిల్లకి చేస్తారా, చట్టం ఒప్పుకుంటుందా? ఇంకో సందేహం, మా ఆవిడ అడగమంది, రాయడానికి మొహమాటంగా ఉంది. ఆ అండాలు ఎక్కడినుంచి తీస్తారు? రేపు పెళ్లికి అడ్డం వస్తుందేమోనని ఆవిడ భయం.

కోట_జంక్షన్ (విజయనగరం)

అంకుల్, ఈరోజే ఫోన్ చేయండి, రేపటికి ఆగొద్దు. కీమో మొదలయ్యాక తీసే అండాలు పనికిరావు, మొదటి డోసుకి ముందే అవ్వాలి. చట్టం అడ్డం రాదు, ఐవీఎఫ్ లాంటి వైద్యాల మీద వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం 21 దాటిన ఆడపిల్ల పెళ్లితో సంబంధం లేకుండా ఈ వైద్యం చేయించుకోవచ్చు. నాకు పెళ్లికాకుండానే చేశారు.

పాపని కూడా అడగండి. అమ్మానాన్న మాట్లాడేసుకుంటుంటే నేను మంచం మీద పడుకుని వింటూ ఉండేదాన్ని, ఆ కోపం నాకు చాన్నాళ్లు ఉంది.

కాన్పుల_డాక్టర్ (విజయనగరం)

జీడితోట గారూ, ఒకప్పుడు పీరియడ్ వచ్చేదాకా ఆగాల్సి వచ్చేది. ఇప్పుడు ఏ రోజైనా ఇంజెక్షన్లు మొదలుపెడతారు, రెండు వారాల్లో పని అయిపోతుంది. ఆ రెండు వారాలు ఆగొచ్చా లేదా అన్నది మీ ఆంకాలజిస్టు చెప్పాలి. ఛాతీలో గడ్డ పెద్దదై ఊపిరికి అడ్డుపడుతుంటే ఆగడం కుదరదు, అప్పుడు ప్రాణమే ముందు. ఏ మందులు ఎక్కిస్తారో కూడా అడగండి. హాడ్జ్‌కిన్‌లో మామూలుగా ఇచ్చే ఏబీవీడీ అనే కీమో అండాశయాలకి పెద్దగా హాని చేయదు. అదే అయితే, ఆగే వీలు లేకపోయినా మరీ దిగులు పడక్కర్లేదు.

మీ ఆవిడ ప్రశ్నకి మొహమాటం ఎందుకు, ప్రతి తల్లీ అడుగుతుంది. మామూలుగా మత్తు ఇచ్చి, యోని దారిలో స్కాన్ చూస్తూ సన్నటి సూదితో తీస్తారు. కోత, కుట్లు ఉండవు. పెళ్లికాని పిల్లలకి వీలును బట్టి పొట్ట మీంచి స్కాన్ చేసి, పొట్ట ద్వారా తీసే పద్ధతి కూడా ఉంది, ముందే చెబితే చూస్తారు. రేపు పెళ్లి ఆగితే దీనివల్ల కాదు, జబ్బు సంగతి దాచితే ఆగుతుంది.

నెలనెలా వేసే గోసెరెలిన్ ఇంజెక్షన్ ఒకటుంది. కీమోకి వారం ముందు మొదలుపెట్టి అండాశయాలని నిద్రపుచ్చుతారు. రొమ్ము క్యాన్సర్‌లో దానికి మంచి ఆధారం ఉంది, లింఫోమాలో అంత గట్టిగా లేదు. అండాలు దాచుకోవడానికి బదులుగా దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

ఆముదాలవలస_రైల్వే

ఖర్చు సంగతి ఎవరూ రాయలేదు. మా మరదలికి చేయించాం కాబట్టి చెబుతున్నా. క్యాన్సర్ వైద్యం ఎన్టీఆర్ వైద్యసేవ కార్డు మీద అయిపోతుంది, అదే పాత ఆరోగ్యశ్రీ. అండాలు దాచడం, ఐవీఎఫ్ దాని కిందికి రావు, చేతి డబ్బే. మాకు మందులతో కలిపి దాదాపు రెండు లక్షలు అయింది, తర్వాత ఏటా నిల్వ చార్జీ. ఇంజెక్షన్లకే సగం పోతుంది. బిల్లు ముందే విడివిడిగా రాయించుకోండి, మందు ఎంత, ఆపరేషన్ ఎంత, నిల్వ ఎంత అని. "ప్యాకేజీ" అని ఒక్క ముక్క రాసిచ్చే చోట ఆఖర్లో తేలేది వేరే లెక్క. క్యాన్సర్ పేషెంటు అని చెప్పి తగ్గించమని అడగండి, సిగ్గుపడొద్దు. మాకు ఇంజెక్షన్లలో కొంత తగ్గించారు.

శ్రీకాకుళంలోనూ విజయనగరంలోనూ ఐవీఎఫ్ బోర్డులు కనిపిస్తున్నాయి. బోర్డు చూసి వెళ్లొద్దు. ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ గోడకి ఉండాలి. అక్కడే అండాలు దాచే సౌకర్యం ఉందా, వేరే ఊరు పంపుతారా అడగాలి.

బొబ్బిలి_వీణ

మా అప్ప కథ. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్, 29కే. రేడియేషన్ ఇచ్చేముందు అండాశయాలు రెండూ పైకి జరిపి కుట్టారు, కిరణాలు తగలకుండా. అండాలు మిగిలాయి. గర్భసంచి మాత్రం రేడియేషన్‌కి బిగుసుకుపోయింది, ఇక బిడ్డని మోయదు. అంటే మాకున్న దారి సరోగసీ.

ఏజెంట్లు ఎక్కడినుంచి వచ్చారో గానీ ఇంటికే వచ్చారు. ఇన్ని లక్షలిస్తే అన్నీ మేమే చూసుకుంటాం అని. డబ్బిచ్చి చేయించడం 2021 సరోగసీ చట్టం ప్రకారం నేరం, చేసినవాళ్లతో పాటు చేయించుకున్నవాళ్లకీ జైలే. తొమ్మిది నెలలు మోసే ఆమె ఇష్టపడి ముందుకు రావాలి, వయసు 25 నుంచి 35, పెళ్లయి సొంత బిడ్డ ఉండాలి, జీవితంలో ఒక్కసారే. ఆమె వైద్యం ఖర్చు, 36 నెలల ఇన్సూరెన్స్ మనం కట్టాలి. జిల్లా మెడికల్ బోర్డు సర్టిఫికెట్, మేజిస్ట్రేట్ కోర్టు ఆర్డరు కావాలి. మా దూరపు చుట్టంలో ఒకామె సరే అంది. ఆమె అత్తవారు మాత్రం ఊగిసలాడుతున్నారు, వాళ్లని తప్పుపట్టలేను.

అండాలు కూడా పోయినవాళ్లకి ఒక మాట. దాత కణాలతో, అంటే వేరేవాళ్ల అండం గానీ వీర్యం గానీ తీసుకుని చేసే సరోగసీ 2023లో ఆపేశారు, 2024 ఫిబ్రవరిలో రూల్ మార్చారు. దంపతుల్లో ఒకరికి వైద్య కారణం ఉందని జిల్లా బోర్డు ధ్రువీకరిస్తే ఇప్పుడు ఒప్పుకుంటారు. పాత వీడియోలు చూసి కుదరదు అనుకుని మానుకోవద్దు.

తోటపల్లి_పిల్ల (పార్వతీపురం)

నాది చిన్న పోస్టు. ముత్యాల గర్భం వచ్చి, అంటే బిడ్డకి బదులు నీటిబుడగల్లాంటి ముద్ద పెరిగి, తర్వాత అది క్యాన్సర్‌గా ముదిరితే మెథోట్రెక్సేట్ ఇచ్చారు. కీమో అయ్యాక ఏడాది గర్భం వద్దన్నారు, నెలనెలా రక్తపరీక్ష. ఏడాది ఆగాను. ఇప్పుడు పాప అంగన్‌వాడీకి వెళ్తోంది. ఈ జబ్బు వచ్చినవాళ్లలో చాలామందికి మళ్లీ పిల్లలు పుడతారట, మా డాక్టర్ గారు మొదటిరోజే చెప్పారు. కాకపోతే నేను నమ్మలేదు.

రాజాం_పెద్దాయన

ఇవన్నీ చదివాను. ఇన్ని మార్గాలు ఉన్నాయని మాలాంటివాళ్లకి తెలీదమ్మా. దత్తత గురించి మాత్రం ఎవరూ రాయలేదు. మా తమ్ముడి కూతురు తీసుకుంది, ఆమెకి థైరాయిడ్ క్యాన్సర్ అయి తగ్గింది. దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా వెబ్‌సైట్‌లోనే దరఖాస్తు. ప్రాణాపాయం ఉన్న జబ్బు లేదని డాక్టర్ సర్టిఫికెట్ అడిగారు, పెళ్లయి రెండేళ్లు నిండాలన్నారు. వెయిటింగ్ మాత్రం చాలా పెద్దది. ఆసుపత్రుల దగ్గర బిడ్డని ఇప్పిస్తామనేవాళ్ల మాట నమ్మకండి, తర్వాత పోలీసులొస్తారు.

వంశధార_ఒడ్డు

అప్‌డేట్. ఈసారి ప్రశ్నలన్నీ కాగితం మీద రాసుకుని వెళ్లాను. డాక్టర్ గారి చేతికే ఇచ్చేశాను, నోటితో అడిగితే మళ్లీ మింగేస్తానని. ఆయన చదివి, కుర్చీ చూపించి కూర్చోమన్నారు. నాది రెండో స్టేజీ, గ్రంథుల్లో ఒకదానికే పాకింది. రెండేళ్లు పూర్తయ్యేదాకా మందు వాడి, మామోగ్రామ్ అవీ చేసి, అన్నీ బాగుంటే ఆపి చూద్దాం అన్నారు. రెండేళ్లకి మించి విరామం ఇవ్వనని ముందే చెప్పేశారు. ఎకో బాగుంది. ఏఎంహెచ్ 0.8 వచ్చింది, తక్కువే. జన్యుపరీక్షకి రక్తం ఇచ్చాను, రిపోర్టు రావాలి.

మా అత్తకి ఆ పోస్టు చదివి వినిపించాను. మొత్తం విని, "మరి పాలు ఇవ్వొచ్చా?" అని అడిగారు. ఆవిడ అప్పుడే అంతదూరం వెళ్లిపోయారు! మేడమ్, ఇవ్వొచ్చా?

కాన్పుల_డాక్టర్ (విజయనగరం)

రేడియేషన్ ఇచ్చిన వైపు పాలు అంతగా రావు, రెండో వైపు చాలు, ఒక్క రొమ్ముతోనే బిడ్డ పెరుగుతుంది. అయితే టామాక్సిఫెన్ మళ్లీ మొదలుపెట్టిన రోజు పాలు మానేయాలి. ఎన్ని నెలలు ఇవ్వాలో ఆంకాలజిస్టుతో ముందే ఒప్పందం చేసుకోండి. ఏఎంహెచ్ 0.8 కదా, మందు ఆపాక మామూలుగా ప్రయత్నిస్తూ ఏడాదంతా గడిపేయొద్దు. నేనైతే ఆపిన మూడు నెలలకే ఫెర్టిలిటీ స్పెషలిస్టుని కలవమంటాను. రెండేళ్ల గడువులో కాలం వృథా చేసుకునే వీలు మీకు లేదు.

జీడితోట (పలాస)

డాక్టర్ గారు మూడు వారాలు టైమ్ ఇచ్చారు. పాపని అడిగాం, "నా పేరు మీదే దాచండి, నేనే సంతకం పెడతాను" అంది. విశాఖలో మొదలైంది. రోజూ పొట్టకి ఇంజెక్షన్ ఉంది. రోజూ పలాస నుంచి రాలేం, పాప నీరసంగా ఉంటోంది. ఇంటి దగ్గరే వేయించొచ్చా? మందు ఐసులో పెట్టి తేవాలా?

కోట_జంక్షన్ (విజయనగరం)

వేయించొచ్చు అంకుల్. పెన్ లాంటిది ఇస్తే పాపే వేసుకోగలదు, నేను అలాగే వేసుకున్నాను. మొదటిది నర్సు దగ్గర నేర్చుకుంటే చాలు. రోజూ ఒకే టైముకి వేయాలి. స్కాన్ రోజులకి మాత్రం విశాఖ తప్పదు, చివరి వారం అక్కడే ఎవరింట్లోనైనా ఉండండి. మందు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మాకోల్ పెట్టెలో ఐస్ ప్యాక్ పెట్టి, మందుకి గుడ్డ చుట్టి పెట్టండి, ఐస్‌కి నేరుగా తగిలి గడ్డకడితే పాడవుతుంది. ఇంట్లో ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, తలుపు అరలో గానీ ఫ్రీజర్‌లో గానీ వద్దు. ఆఖరి రోజు వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్‌కి వాళ్లు చెప్పిన నిమిషం తప్పకూడదు. దాన్ని బట్టే అండాలు తీసే టైమ్ పెడతారు. అది మామూలుగా రాత్రిపూట ఉంటుంది, ఆ రోజు మాత్రం విశాఖలోనే ఉండండి.